బెజవాడ రేడియోకి వెల్దుర్తి నుంచి

2023 డిసెంబరు 1తో ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి 75 ఏళ్లు నిండాయి. 1948లో అది గొంతు విప్పేనాటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాదిన్నర కాలేదు. మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చెయ్యడానికి మరో ఏడేళ్లుంది. శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటువుల్లోని రాళ్లూ, జొన్నకూడే పల్నాటికి చిరునామాగా ఉన్న రోజులవి. ఆ తర్వాత సాగర్ నీళ్లొచ్చాయి, రాష్ట్రం మారింది, 2022 ఏప్రిల్ 4న మా జిల్లా పేరు కూడా గుంటూరు నుంచి పల్నాడుగా మారింది. వెల్దుర్తి, మాచర్ల, దుర్గి, కారంపూడి, రెంటచింతల ఊళ్లలో రేడియో అంటే మాత్రం ఇప్పటికీ బెజవాడ రేడియోనే. మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్.

ఆ కేంద్రానికి, అక్కడ పనిచేసి వెళ్లినవాళ్లకు, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లకు పల్నాటి శ్రోతల తరఫున మనసారా అభినందనలు.

ఈ అమృతోత్సవ వేళ చాలామంది భక్తిరంజనిని తలుచుకుంటారు. తలుచుకోవాలి కూడా. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటివాళ్ల గొంతులు తెల్లవారుజామున మన వాకిళ్లలోకి వచ్చింది ఆ కేంద్రం వల్లే. కేంద్రం పుట్టిన 1948లోనే అందులో చేరి, 1986 దాకా అక్కడే వయొలిన్ వాయించిన అన్నవరపు రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా ఒకే భవనంలో సంగీతంగా గడవడం ఎంత అదృష్టం! బందా కనకలింగేశ్వరరావు గారి నాటకాల గురించి, నండూరి సుబ్బారావు గారి గొంతు గురించి చెప్పేవాళ్లూ ఉంటారు. పాటల గురించీ నాటకాల గురించీ నాకన్నా బాగా రాయగలవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్లకే వదిలి, నేను మాటల గురించి రాస్తాను. పరిచయం, ముఖాముఖి, చర్చాగోష్ఠి అని రకరకాల పేర్లతో ఆ కేంద్రం మనుషుల చేత మాట్లాడించి, ఆ మాటల్ని టేపు మీదికి ఎక్కించిన పని ఉంది చూడండి, నా లెక్కలో అది పాటకు ఏమాత్రం తీసిపోదు.

రేడియోలో సంభాషణ అంటే ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడమే కదా అనిపిస్తుంది వినేవాళ్లకు. ఆ పదిహేను నిమిషాల వెనక బోలెడు చాకిరీ ఉంటుంది. ముందు ఎవరిని పిలవాలో తేల్చుకోవాలి. ఆయన రాసినవి చదవాలి, ఆవిడ పాట వినాలి, ఆట ఆడేవాళ్లయితే ఆట చూడాలి. కాంట్రాక్టు కాగితం పంపాలి. తీరా వచ్చిన పెద్దమనిషి స్టూడియోలో అడుగుపెట్టగానే బిగుసుకుపోతాడు. బయటి చప్పుడేదీ చొరబడని గది, చెవులు మూసేసినట్టుండే నిశ్శబ్దం, మూతి ముందు మైకు, గోడ మీద ఎర్ర దీపం. ఊళ్లో తెల్లవార్లూ వందలమంది ముందు ఆడినవాడికి కూడా అక్కడ నోరు పెగలదు. అనుభవమున్న ప్రయోక్త ఆయన చేత ముందు టీ తాగిస్తాడు. వానలెలా ఉన్నాయి, పిల్లలేం చేస్తున్నారు అని అడుగుతాడు. బిడియం వదిలిందనుకున్నాకే దీపం వెలుగుతుంది.

అక్కడి నుంచి అడిగేవాడి విద్య మొదలవుతుంది. ప్రశ్న పొట్టిగా ఉండాలి. తనకెంత తెలుసో చూపించుకునే ప్రశ్న పనికిరాదు. అవతలివాళ్లు చెబుతుంటే మనం మామూలుగా ఊఁ కొడతాం. మైకు ముందు ఊఁ కొట్టకూడదు, అదీ రికార్డవుతుంది. కళ్లతోనే వినాలి, తలాడించాలి. చెప్పేవాళ్లు ఆగితే గబుక్కున అందుకోకూడదు, చాలాసార్లు ఆ ఆగినచోటు తర్వాతే అసలు సంగతి బయటికొస్తుంది. అంతా అయ్యాక ఇంజనీరింగు గదిలో మరో పని. స్పూలు టేపును ముందుకీ వెనక్కీ తిప్పి, దగ్గు ఎక్కడుందో, తడబాటు ఎక్కడుందో పట్టుకుని, అంతమేరా బ్లేడుతో కోసి అంటించేవాళ్లు. మాట తెగినట్టు శ్రోతకు తెలియకూడదు. ఇవాళ కంప్యూటరు తెర మీద వేలి కొసతో జరిగే పని అది. ఆ రోజుల్లో కోసే చెయ్యి వణికితే ఒక మనిషి మాట శాశ్వతంగా పోయేది. పేరు చెప్పకుండా ఆ పని చేసిన సాంకేతిక సిబ్బందికి ఈ అభినందనలో పెద్ద వాటా ఉంది.

ఇదే విద్యతో అమెరికాలో స్టడ్స్ టెర్కెల్ అనే ఆయన షికాగో రేడియోలో 45 ఏళ్లు పనిచేశాడు. పేరున్నవాళ్లతో ఎంత శ్రద్ధగా మాట్లాడేవాడో, కూలీతోనూ హోటల్లో వడ్డించే ఆవిడతోనూ అంతే శ్రద్ధగా మాట్లాడేవాడు. అలా మాట్లాడించిన మాటలతోనే పుస్తకాలు తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం మీద అలా తెచ్చిన పుస్తకానికి 1985లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆయన రికార్డింగులు ఇవాళ చరిత్రకారులకు ఆధారాలు. మన కేంద్రాల్లో ఆ పాటి పనిమంతులు లేకపోలేదు. మన దగ్గర వాళ్లకు ఆ పేరు రాలేదు, అంతే.

మాటను నిలబెట్టే పని విలువ పల్నాటివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా చరిత్ర ముందు నోట పుట్టింది, కాగితం మీదికి తర్వాతెప్పుడో వచ్చింది. బ్రహ్మనాయుడినీ, నాగమ్మనూ, బాలచంద్రుడినీ, కన్నమదాసునూ మాకు ఇచ్చింది పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యవంతుల గొంతులు. ఏటా కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, ఐదు రోజులు ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ పేర్లు వింటే పల్నాటి యుద్ధం మళ్లీ మొదటి నుంచి జరుగుతున్నట్టే ఉంటుంది మాకు. గుత్తికొండకు చెందిన అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చు వేయించారు కాబట్టి పండితులకు అందింది. పాడేవాళ్ల గొంతు మాత్రం అచ్చులోకి రాదు కదా. 1970ల్లో జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాటికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడిన కథను టేపు మీద పట్టుకున్నాడు. దాన్ని ఇంగ్లీషు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చాడు. ఒక పల్నాటి గాయకుడి పేరు ప్రపంచంలోని గ్రంథాలయాలకు చేరిందంటే, ఎవరో ఒకరు టేపురికార్డరుతో ఆయన ఎదుట ఓపిగ్గా కూర్చున్నందువల్లే.

షేక్ నాజర్ గారి సంగతీ ఇలాంటిదే. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథకు కొత్త ఊపిరి పోసి, పల్నాటి యుద్ధాన్ని ఊరూరా వినిపించి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన జీవితకథ ‘పింజారి’ ఆయన చెబుతుంటే మరొకరు రాసిందే. పాడేవాళ్లు, ఆడేవాళ్లు, చెక్కేవాళ్లు, సేద్యం చేసేవాళ్లు తమ బతుకును తాము రాసుకోవడం అరుదు. అడిగితే మాత్రం చెబుతారు. రేడియో చేసిన మేలు అదే, అడిగింది. అక్షరం రానివాళ్లను కూడా అడగగలిగింది.

బ్రహ్మనాయుడి చాపకూడు కథ పల్నాట్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. కులం చూడకుండా అందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మంచి రేడియో సంభాషణ వింటుంటే నాకు ఆ చాపే గుర్తొస్తుంది. అక్కడ మొహం కనపడదు, పంచె కనపడదు, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో కనపడదు, ఉన్నదల్లా మాటే. మా వినుకొండ బిడ్డ గుర్రం జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. అంటరానితనం చేదును చిన్నప్పటి నుంచి మింగిన కవి, ఎవరు మాట్లాడాలో నిర్ణయించే చోట కూర్చున్నారు. ఆ రెండేళ్లూ తెలుగు రేడియో చరిత్రలో చిన్నవే కావచ్చు, పల్నాటి చరిత్రలో చాలా పెద్దవి. తాడికొండలో పెరిగి, పెద్ద చదువులేమీ చదవని రావూరి భరద్వాజ గారు హైదరాబాదు కేంద్రంలో ఏళ్ల తరబడి రాశారు. 2012 సంవత్సరపు జ్ఞానపీఠం ఆయనకు వచ్చింది. కళాశాలలు గేటు దగ్గరే ఆపేసే మనుషులకు ఆకాశవాణి లోపల బల్ల వేసిన సందర్భాలివి.

సంభాషణ ఎప్పుడూ స్టూడియోలోనే జరగాలని లేదు. బెజవాడ కేంద్రం పోస్టుకార్డు మీద కూడా సంభాషణ నడిపింది. ఉషశ్రీ గారి ‘ధర్మసందేహాలు’ విననివాళ్లు ఆ తరంలో తక్కువ. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అన్న ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు, గొంతు తెలియనివాళ్లు లేరు. రామాయణమో భారతమో చెబుతుంటే ఆ వేళకు వీధులు ఖాళీ అయ్యేవని పెద్దలు చెబుతారు. నాకు మాత్రం ఆయన ప్రవచనం కన్నా జవాబులే ఎక్కువ ఇష్టం. ఎక్కడో మారుమూల ఊరి నుంచి ఒక శ్రోత కార్డు ముక్క మీద తన అనుమానం రాస్తే, ఆ ప్రశ్న అందరికీ వినిపించేలా చదివి, సూటిగా, కొన్నిసార్లు కాస్త కటువుగా కూడా జవాబు చెప్పేవారు. పేరూ ఊరూ రేడియోలో వినపడ్డ శ్రోత ఆ వారమంతా ఊళ్లో గౌరవంగా తిరిగేవాడు. పెద్దవాళ్లను ప్రశ్న అడగవచ్చు, జవాబు రాబట్టవచ్చు అన్న ధైర్యం పల్లెటూళ్లలో ఎంతమందికి ఆ కార్డుల వల్ల వచ్చిందో!

రజనీకాంతరావు గారు 1970ల్లో ఆ కేంద్రానికి సంచాలకులుగా ఉన్నారు. స్వరకర్తగా అందరికీ తెలిసిన ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పరిశోధకుడు కూడా. కళనూ చరిత్రనూ ఒకే చేత్తో పట్టుకోగల మనిషి పెద్ద కుర్చీలో ఉంటే కింద ఎలాంటి వాతావరణం ఉంటుందో ఊహించవచ్చు. ఆయన 2018లో, 98 ఏళ్ల వయసులో, విజయవాడలోనే కన్నుమూశారు.

సాంఘిక విషయాల దగ్గరికొస్తే, మా బోటి ఊళ్లకు దగ్గరైంది సేద్యం మాట. పంచాయతీ ఆఫీసు మీద కట్టిన మైకు నుంచి సాయంత్రం వచ్చే గ్రామీణ కార్యక్రమం కోసం అరుగుల మీద చేరి కూర్చున్న తరం ఇంకా ఉంది. లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్త ఒక పక్క, పండించిన రైతు ఒక పక్క కూర్చుని మాట్లాడుకుంటుంటే, రైతు అడిగే ప్రశ్నలో తమ చేను కనపడేది వాళ్లకు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ముందు తెల్లదోమ, ఆ వెనక శనగపచ్చ పురుగు ఊడ్చిపెట్టాయి. 1987-88లో అప్పుల కింద నలిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు మీద మందు కొట్టినా పురుగు ఎందుకు చావలేదు, అప్పు ఎవరి దగ్గర చేశారు, కౌలు ఎంత, ఇంటి ఆడవాళ్ల మీద ఆ బరువు ఎలా పడింది: ఇలాంటివి గణాంకాల్లో దొరకవు, మనిషిని కూర్చోబెట్టి అడిగితేనే దొరుకుతాయి. ఈ ప్రశ్నలు మా దగ్గర ఇంకా పాతబడలేదు. మిరప రైతు ఇవాళ నల్లతామర పురుగు గురించి అడిగేదీ అవే.

అభినందన కదా అని అంతా తీపే రాస్తే ఆ కేంద్రం మీద ప్రేమ ఉన్నట్టు కాదు. 75 ఏళ్లలో పల్నాటి యాస ఎంత వినిపించింది? గ్రామీణ కార్యక్రమాలను పక్కన పెడితే, చాలాకాలం రేడియోలో పెద్దమాటలు మాట్లాడింది చదువుకున్నవాళ్ల తెలుగే. ఆడవాళ్లను ఎక్కువగా వంటల దగ్గరా, పిల్లల పెంపకం దగ్గరా మాట్లాడించాం. ఇంకొకటి మరీ బాధపెట్టేది: టేపు ఖరీదైన రోజుల్లో ప్రసారం అయిపోయిన రికార్డింగును చెరిపి, అదే టేపును మళ్లీ వాడేవాళ్లు. దేశమంతటా జరిగిన పనే అది, ఒక్క బెజవాడలో జరిగింది కాదు. అలా ఒక మనిషి గొంతు మీద మరో మనిషి గొంతు పడి, మొదటిది ఆనవాలు లేకుండా పోయింది. చెరపకుండా బీరువాలో దాచినవాళ్లకు, పై అధికారితో వాదించి మరీ దాచినవాళ్లకు, అందుకే నేను ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

యాసల విషయంలో, ఆడవాళ్ల మాటల విషయంలో ఆ కొరత తీర్చేవాళ్లు తర్వాత వచ్చారు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, సామాజిక రేడియోలకు మెల్లగా దారి ఏర్పడింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆసరాతో దళిత మహిళలు నడిపే కేంద్రం అది. నర్సమ్మ అనే పేరే ఉన్న ఇద్దరు మైకూ యంత్రాలూ పట్టుకుని, తమ ఊళ్ల ఆడవాళ్ల చేత విత్తనాల గురించి, పండగల గురించి, కష్టాల గురించి తమ యాసలోనే మాట్లాడించారు. మరోపక్క సముద్రాల అవతల ఉన్న తెలుగువాళ్లూ ఈ అలవాటును వదల్లేదు. కాలిఫోర్నియాలో ఉంటూ ‘కౌముది’ పత్రిక నడిపే కిరణ్ ప్రభ గారు రచయితల గురించి, కళాకారుల గురించి, చరిత్ర గురించి చేసే టాక్ షోలు ఇంటర్నెట్ రేడియో ద్వారా, యూట్యూబ్ ద్వారా మా మాచర్ల బస్సుల్లో కూడా చెవుల్లో మోగుతున్నాయి. ఎవరు చేసినా మంచిదే. ఆ వినే చెవిని ఈ జిల్లాల్లో తయారుచేసింది మాత్రం బెజవాడ రేడియో అని నేను గట్టిగా నమ్ముతాను.

పుట్టినరోజు నాడు పెద్దవాళ్లను కోరిక కోరడం మన ఇళ్లలో ఉన్నదే. మాకూ ఒకటుంది. దుర్గి మండలం మించాలపాడు నుంచి పుల్లరి పన్నుకు ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లో తూటాలకు బలయ్యాడు. ఆ పోరాటాన్ని కళ్లారా చూసినవాళ్లు 1948 నాటికి నడివయసులో ఉన్నారు, ఇవాళ ఒక్కరూ లేరు. నాగార్జునకొండ లోయలో ఊళ్లు ఖాళీ చేసినప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలిన నాటి సంబరం గుర్తున్నవాళ్లూ ఉన్నారు. ఒకే నీళ్లు ఒకరికి ఊరు ముంచాయి, ఒకరికి పొలం తడిపాయి. ఈ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించిన సంభాషణ ఎలా ఉంటుందో వినాలని ఉంది. దుర్గిలో తాతల నాటి నుంచి రాతిని దేవుడిగా మలుస్తున్న శిల్పులున్నారు. రాయి మంచిదో చెడ్డదో వాళ్లు దెబ్బ చప్పుడును బట్టి చెబుతారు, ఆ చప్పుడుతో సహా రికార్డు చెయ్యాల్సిన విద్య అది. మా చుట్టుపక్కల తండాల్లో తమ భాషలో పాటలు కట్టే సుగాలీ అవ్వలున్నారు, నల్లమల అంచున చెంచు పెద్దలున్నారు. వీరవిద్యవంతుల్లో కథ మొత్తం నోటికి వచ్చినవాళ్లు తగ్గిపోతున్నారు.

స్టూడియో దాకా వీళ్లంతా రాలేకపోవచ్చు. రావాల్సిన పని కూడా లేదిప్పుడు. ఒకప్పుడు బయట రికార్డింగంటే వ్యాను, బరువైన యంత్రాలు, ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. ఇవాళ జేబులో పట్టే పెట్టె చాలు, అడగడం తెలిసిన మనిషి ఒకరు చాలు. అలాంటి మనుషులను 75 ఏళ్లకు పైగా తయారుచేస్తున్న కేంద్రం మీది. 2023లో కార్తీక అమావాస్య కూడా డిసెంబరులోనే, 12న వచ్చింది. మీ ఉత్సవం ముగిసిన పది పన్నెండు రోజులకే మా ఉత్సవం జరిగింది. కారంపూడిలో ఏటా ఆ ఐదు రోజులూ పాడేవాళ్లు, వినేవాళ్లు, తెలిసిన పెద్దలు అందరూ ఒక్కచోటే ఉంటారు. మైకు తెచ్చుకుని రండి. భోజనాలు, పడకలు మేం చూసుకుంటాం. అటునుంచి వెల్దుర్తి, దుర్గి కూడా దగ్గరే.